1966 నాటి ‘జాంగో’ ఇప్పుడు చూడొచ్చా? చూడొచ్చు, మధ్యలో కాస్త ఓపిక పట్టాలి

ప్రశ్న ఇదీ: “టరాంటినో తీసిన ‘జాంగో అన్‌చెయిన్డ్’ నాకు చాలా నచ్చింది. ఆ పేరు 1966లో వచ్చిన ఒక ఇటాలియన్ సినిమాదట. తక్కువ డబ్బుతో తీసిన పాత కౌబాయ్ సినిమా కదా, ఇప్పుడు చూస్తే నవ్వొస్తుందా, లేక నిజంగానే బాగుంటుందా?”

నవ్వొచ్చే చోట్లు ఉన్నాయి, బాగుండే చోట్లు అంతకంటే ఎక్కువ ఉన్నాయి. మొదటి నలభై నిమిషాల కోసం, ఆఖరి పది నిమిషాల కోసం తప్పకుండా చూడండి. మధ్యలో ఉన్నదాన్ని భరించాలి. ఎన్నిసార్లు చూసినా నా అభిప్రాయం ఇదే.

ముందే ఒక మాట. టరాంటినో సినిమాకీ దీనికీ కథలో పోలిక లేదు. ఆయన పేరు తీసుకున్నాడు, టైటిల్ పాట తీసుకున్నాడు, పాత జాంగోగా వేసిన ఫ్రాంకో నీరోకి ఒక చిన్న వేషం ఇచ్చాడు. అంతే. బానిసల తిరుగుబాటు కథ అనుకుని కూర్చుంటే నిరాశ పడతారు. ఇక్కడ జాంగో తెల్లవాడు, ఉత్తరాది సైన్యంలో పనిచేసి వచ్చిన మాజీ సైనికుడు. కింద కథ కొంత చెప్పక తప్పదు, క్లైమాక్స్ మాత్రం సగమే చెప్తాను.

అమెరికా అంతర్యుద్ధం ముగిసింది. మెక్సికో సరిహద్దు దగ్గర దాదాపు ఖాళీ అయిపోయిన ఒక ఊరు. మిగిలింది ఒక సెలూన్ (మన క్షౌరశాల కాదు, మందు పోసే చోటు), అందులో బతుకీడుస్తున్న ఆడవాళ్ళు, దాన్ని నడిపే నథానియేల్ అనే ముసలాయన. ఒకవైపు మేజర్ జాక్సన్, ఓడిపోయిన దక్షిణాది సైన్యం అధికారి, మెక్సికన్ కూలీలను పరిగెత్తించి సరదాకి కాల్చే రకం. వాడి మనుషులు ఎర్ర ముసుగులేసుకుని తిరుగుతారు. ఇంకోవైపు జనరల్ హ్యూగో అనే మెక్సికన్ విప్లవ నాయకుడూ అతని దండూ. వీళ్ళ మధ్యకి ఒక శవపేటికను తాడుతో ఈడ్చుకుంటూ జాంగో వస్తాడు.

రెండు ముఠాలు, మధ్యలో ఒంటరివాడు. ఈ ఎత్తుగడ జపాన్ దర్శకుడు కురొసావా ‘యోజింబో’ (1961) నుంచి పుట్టి, సెర్జియో లియోనీ 1964లో తీసిన ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ మీదుగా ఇక్కడిదాకా వచ్చింది. కాబట్టి కథలో కొత్తదనం వెతక్కండి. దర్శకుడు సెర్జియో కార్బుచ్చీ కొత్తదనమంతా కంటికి కనబడేదాంట్లో ఉంది.

ఈ సంగతి నాకంటే ముందు మా బాబాయికి తట్టింది. ఆయన కృష్ణ అభిమాని. ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చిన 1971లో స్కూల్లో చదువుకునేవాడట. కౌబాయ్ సినిమా అంటే ఈ వయసులోనూ కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. టైటిల్స్ పడుతుండగానే, “వీడికి గుర్రం లేదేంట్రా? జీను మాత్రం భుజానేసుకున్నాడు!” అన్నాడు. నేను అంతకు ముందు ఆ సినిమా చూసి కూడా గుర్రం లేదన్న సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆలోచించండి, కౌబాయ్ సినిమాలో హీరో మొదటిసారి కనబడటమే బురదలో కాలినడకన. ముఖం కూడా చూపించరు. వీపు, జీను, తాడు, పెట్టె. ఇతని దగ్గర ఇక పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదని ఒక్క డైలాగు లేకుండా అర్థమవుతుంది.

ఆ బురద గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ సినిమా బలమంతా అందులోనే ఉంది. అప్పట్లో వెస్టర్న్ (అంటే కౌబాయ్ సినిమా) అంటే ఎండ, దుమ్ము, విశాలమైన ఎడారి. లియోనీ అందుకోసం స్పెయిన్‌లోని అల్మెరియా ప్రాంతానికి వెళ్ళాడు. కార్బుచ్చీ కూడా కొంత భాగం మాడ్రిడ్ దగ్గరి కొండల్లో తీశాడు కానీ, ఊరు మాత్రం రోమ్‌లో ఎలియోస్ స్టూడియోలో ఉన్న కౌబాయ్ వీధి సెట్టే. 1965–66 చలికాలంలో షూటింగ్. వీధంతా బురద. డబ్బున్న నిర్మాత అయితే మట్టి పోయించి చదును చేయించేవాడు, లేదా ఎండాకాలం దాకా ఆగేవాడు. ఇక్కడ ఆ బురదనే కథలోకి తీసుకున్నారు. మనుషులు నడవలేక నడుస్తారు, గుర్రాల కాళ్ళు దిగబడతాయి, చచ్చినవాళ్ళు బురదలో పడి అలాగే ఉండిపోతారు. ఆ ఊళ్ళో ఎవరూ ఎందుకు ఉండటం లేదో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఎర్ర ముసుగుల వెనక కూడా ఇలాంటి కథే చెబుతారు. అప్పుడు ఇటలీలో వెస్టర్న్‌లు వరసపెట్టి తీస్తున్నారు. చూడ్డానికి బాగున్న ఎక్స్‌ట్రా నటులంతా వేరే సినిమాల్లో ఉంటే, మిగిలినవాళ్ళ ముఖాలు కప్పేయడానికి ముసుగులు తొడిగారట. నిజమైనా కాకపోయినా ఫలితం మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. అమెరికాలో నల్లవాళ్ళను వేటాడిన క్లాన్ ముఠా వెంటనే గుర్తొస్తుంది. బూడిదరంగు వీధిలో ఆ ఎరుపు ఒక్కటే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అయితే జాగ్రత్తగా చూస్తే ఇంకోటి కూడా తెలుస్తుంది: ముసుగుంటే ఒకే మనిషిని ఎన్నిసార్లయినా చంపొచ్చు! ఆ పెద్ద కాల్పుల సీన్‌లో పడిపోతున్నవాళ్ళను చూసి మా బాబాయి “ఇందాక చచ్చాడు కదరా వీడు” అని లెక్కపెట్టడం మొదలెట్టాడు.

ఆ సీన్ గురించే మీరు ఎక్కువగా వింటారు. పెట్టెలో ఏముందో సగానికి కాస్త ముందు దాకా చెప్పరు. ఎవరో అడిగితే జాంగో సమాధానం దాటేస్తాడు. “ఈసారి నీ మనుషులందరినీ తీసుకుని రా” అని జాక్సన్‌కి కబురు కాదు, ముఖం మీదే చెప్తాడు. వాళ్ళు వస్తారు. ఇతను వీధి మధ్యలో పడి ఉన్న చెట్టు మాను వెనక మోకాళ్ళ మీద కూర్చుంటాడు. మూత తీస్తాడు. లోపల మెషిన్‌గన్. ఈరోజుల్లో పోస్టర్ మీదే ఆ బొమ్మ వేసేస్తున్నారు కాబట్టి రహస్యం చెప్పేశానని తిట్టుకోకండి. తెలిసి చూసినా ఆ కొద్ది క్షణాల నిశ్శబ్దంలో టెన్షన్ తగ్గదు.

ఆ తుపాకీ మాత్రం శుద్ధ అబద్ధం. గొట్టాలన్నీ ఒక గుత్తిగా ఉంటాయి, తిప్పే పిడి లేదు, అయినా నిప్పులు కక్కుతూ ఆగకుండా పేలుతుంది. ఆ కాలంలో అలాంటిది లేదు. ఒక మనిషి దాన్ని చేతుల్లో పట్టుకుని పేల్చడం ఇంకా పెద్ద అబద్ధం. తుపాకుల చరిత్ర తెలిసిన స్నేహితుడితో చూస్తే ప్రశాంతంగా చూడనివ్వడు. నాకది అభ్యంతరంగా అనిపించలేదు, మన సినిమాల్లో హీరో చేత్తో రైలు ఆపితే ఈలలు వేసినవాణ్ణి కదా.

ఇక ఫ్రాంకో నీరో. అప్పటికి 24 ఏళ్ళ కుర్రాడు. మేకప్‌తో వయసు పెంచారు, గడ్డం, దుమ్ము, కళ్ళ చుట్టూ ముడతలు. ఆ నీలికళ్ళ చూపు మాత్రం దాచలేదు. క్లింట్ ఈస్ట్‌వుడ్‌లాగా నిబ్బరంగా, వెటకారంగా ఉండడు. ఏదో బాధ మింగుతున్నట్టుంటాడు. ఇటాలియన్ వెర్షన్‌లో అతని గొంతు అతనిది కాదు, నాందో గజ్జోలో అనే నటుడు డబ్బింగ్ చెప్పాడు. అప్పటి ఇటాలియన్ సినిమాలు దాదాపు అన్నీ మాటలు తర్వాత కలిపినవే కాబట్టి ఏ భాషలో చూసినా పెదాలు కలవవు. దాన్ని లోపంగా లెక్కేయకండి. కానీ ఏ భాషలో చూస్తారన్నది చాలా ముఖ్యం. నేను మొదటిసారి చూసింది ఇంగ్లిష్ డబ్బింగ్‌లో, అరిగిపోయిన ప్రింటు, అదీ లాప్‌టాప్ మీద. విలన్లు పిల్లల కార్టూన్‌లోలాగా మాట్లాడుతుంటే సినిమా మొత్తం చవకగా అనిపించింది. తర్వాత బాగుచేసిన ప్రింటు ఇటాలియన్‌లో, సబ్‌టైటిల్స్‌తో చూస్తే అదే సినిమా బరువుగా ఉంది. ఇంగ్లిష్‌లో చూసి “ఇదేం సినిమా” అన్నవాళ్ళని నేను తప్పుపట్టను.

కెమెరా ఎంజో బార్బోనీ. తర్వాత ఇతనే దర్శకుడై ట్రినిటీ సినిమాలతో వెస్టర్న్‌ని కామెడీ చేసేశాడు, అదో విచిత్రం. లియోనీ సినిమాల్లాగా ఇది స్కోప్ కాదు, తెర వెడల్పు తక్కువ. దూరంగా కనబడే కొండలూ మైదానాలూ లేవు. నాకైతే ఈ ఇరుకే నచ్చింది, ఊరు ఒక ఉచ్చులా ఉంటుంది. సంగీతం లూయిస్ బాకలోవ్, అర్జెంటీనాలో పుట్టి ఇటలీలో స్థిరపడినవాడు. చాలా ఏళ్ళ తర్వాత ‘ఇల్ పొస్తీనో’కి ఆస్కార్ అందుకున్నాడు. రాకీ రాబర్ట్స్ పాడిన టైటిల్ పాట మీకు టరాంటినో సినిమా వల్ల ఇప్పటికే తెలుసు. పాట ఎంత దర్జాగా ఉంటుందో తెరమీద దృశ్యం అంత దీనంగా ఉంటుంది. ఆ తేడా నాకిప్పటికీ ఇష్టం.

ఇప్పుడు బలహీనతలు. మెషిన్‌గన్ సీన్ అయిపోగానే సినిమా గాలి తీసేసినట్టవుతుంది. జనరల్ హ్యూగో వస్తాడు, జాంగోకి పాత స్నేహితుడట. ఇద్దరూ కలిసి మెక్సికన్ సైన్యం కోటలో బంగారం దోచుకుంటారు. ఈ దోపిడీ ఇంకో సినిమాలోంచి కోసి అతికించినట్టుంటుంది. అసలు జాంగో వచ్చింది జాక్సన్ మీద పగ తీర్చుకోవడానికి. మరి వాడు తన చేతికి చిక్కినప్పుడు జాంగో ఎందుకు వదిలేశాడు? ఆ తర్వాత బంగారం మీద ఆశ ఎందుకు పుట్టింది? పగా, డబ్బా, ప్రేమా, ఇతనికి ఏది కావాలో సినిమాకే తెలియదు. స్క్రిప్టు పూర్తికాకుండానే షూటింగ్ మొదలుపెట్టారని చెబుతారు, చూస్తుంటే నమ్మబుద్ధవుతుంది.

ఈ సినిమాను మెచ్చుకునేవాళ్ళు ఇక్కడ “పాపం బడ్జెట్ లేదు కదా” అంటారు. నేను ఒప్పుకోను. బురద, ముసుగులు, ఇరుకు వీధి, ఇవి డబ్బు లేక వచ్చినవి, వాటిని తెలివిగా వాడుకున్నారు. కథలో అతుకులకి మాత్రం డబ్బుతో పని లేదు. ఇంకో నెల కూర్చుని రాసుకుంటే సరిపోయేది.

ఆడవాళ్ళ విషయంలో ఇంకా ఇబ్బంది. మరియా పాత్రను (లొరెదానా నుష్షాక్ వేసింది) మొదటి సీన్‌లోనే కట్టేసి కొరడాతో కొడతారు. ఆమెకి ధైర్యం ఉంది, మనసు ఉంది, అయినా రచయితలు ఆమెని ఎప్పుడూ హీరో వెంట నడిపించడమే తప్ప వేరే పని ఇవ్వలేదు. సెలూన్ ఆడవాళ్ళు బురదలో జుట్లు పట్టుకుని కొట్టుకునే సీన్ ఒకటుంది. కథకి ఏ సంబంధమూ లేదు, కేవలం హాల్లో ఈలల కోసం. మెక్సికన్లని చూపించిన తీరూ అంతే. ఒక పక్క వాళ్ళ మీద జరిగే అన్యాయాన్ని చూపిస్తూనే, ఇంకో పక్క వాళ్ళని తాగుబోతు మూకగా చూపిస్తుంది.

హింస గురించి హెచ్చరిక. ఒకడి చెవి కోసే సీన్ ఉంది, కోసి ఊరుకోరు కూడా. ఇటలీలో 18 ఏళ్ళు నిండనివాళ్ళని ఈ సినిమాకి రానివ్వలేదు, బ్రిటన్‌లో అయితే 1993 దాకా సర్టిఫికెట్టే ఇవ్వలేదు. ఇప్పటి సినిమాలతో పోలిస్తే రక్తం తక్కువే, పైగా అది చూడగానే రంగని తెలిసిపోతుంది. కానీ ఆ క్రూరత్వాన్ని తీసిన తీరులో ఏ జాలీ లేదు, అది ఇప్పటికీ గుచ్చుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే పక్కగదిలోకి పంపండి.

క్లైమాక్స్ సగమే చెప్తానన్నాను. సినిమా అంతా వేగంగా తుపాకీ తీసినవాడి రెండు చేతులూ అప్పటికి నుజ్జయిపోయి ఉంటాయి. ఎదురుగా జాక్సన్, వాడి మనుషులు. చోటు శ్మశానం. వేళ్ళు పనిచేయని మనిషి తుపాకీ ఎలా పేలుస్తాడు? మధ్యలో దారి తప్పిన సినిమా ఇక్కడ మళ్ళీ దారిలో పడుతుంది. ఒక సమాధి, ఒక శిలువ, ఒక పిస్తోలు, ఒక నటుడి ముఖం. ఇంకేమీ ఖర్చు లేదు. మా బాబాయి అప్పటిదాకా ఆపకుండా వ్యాఖ్యానం చేస్తున్నవాడు ఇక్కడ నోరెత్తలేదు, అయిపోయాక “కృష్ణకి పడాల్సిన సీను” అన్నాడు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఉండదు.

నిజానికి మనవాళ్ళు ఈ తరహాని చాలా త్వరగా పట్టుకున్నారు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’ తీసి రాజస్థాన్ ఎడారిని వాడుకున్నారు. కాకపోతే అది లియోనీ దారి, నిధి వేట, ఎండ, హుషారు. కార్బుచ్చీ బురద దారి నాకు తెలిసి మన దగ్గర ఎవరూ తొక్కలేదు.

‘జాంగో’ నచ్చిందని ఆ పేరుతో కనబడిన ప్రతిదీ చూడకండి. ఈ సినిమా ఆడటంతో ముప్పైకి పైగా సినిమాలకి ఆ పేరు తగిలించారు, చాలావాటికి ఈ కథతో సంబంధమే లేదు. 1987లో నీరో మళ్ళీ జాంగోగా చేసిన అసలు కొనసాగింపు కూడా నాకు పెద్దగా ఎక్కలేదు. బదులుగా కార్బుచ్చీ 1968లో తీసిన ‘ద గ్రేట్ సైలెన్స్’ చూడండి. బురద బదులు మంచు, మాటలు రాని హీరో, మోరికోనే సంగీతం. ఇందులో నేను తప్పుపట్టిన స్క్రిప్టు గందరగోళం అందులో లేదు. దానికి విడిగా ఒక సుఖాంతం కూడా తీసి పెట్టారు, ఇప్పటి డిస్కుల్లో అదనపు సరుకుగా వస్తుంది. పొరపాటున దాన్ని ముందు చూసేయకండి.