టెక్సస్‌లో మొబైల్ హోమ్ లాట్ అద్దెకు తీసుకునే ముందు ఏ కాగితాలు కావాలి?

డాలస్ దగ్గర ఒక మొబైల్ హోమ్ పార్కులో (ఇలాంటి ఇళ్లు పెట్టుకోవడానికి స్థలాలు అద్దెకిచ్చే కాలనీలో) పాత మొబైల్ హోమ్, అంటే ఫ్యాక్టరీలో తయారై తెచ్చిపెట్టే ఇల్లు కొని, దాని స్థలాన్ని అద్దెకు తీసుకోవాలనుకుంటున్నామని, ఏ కాగితాలు రెడీ చేసుకోవాలని అడిగారు. మేమూ టెక్సస్‌లో ఇలాగే కొన్నాం.

పార్కుకు మీరు ఇవ్వాల్సిన కాగితాలు పెద్ద కష్టం కాదండీ. పాస్‌పోర్ట్, వీసా కాగితాలు, డ్రైవింగ్ లైసెన్స్, ఇటీవలి పే స్టబ్స్ (జీతం స్లిప్పులు), ఇప్పుడున్న ఇంటి ఓనరు నంబరు. క్రెడిట్ హిస్టరీ ఇంకా తక్కువగా ఉంటే ఆఫర్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా పెట్టండి.

అసలు టెన్షన్ ఇంటి కాగితాలతోనే. 1976 జూన్ 15 నుంచి తయారైన ప్రతి ఇంటికీ బయటి గోడ మీద ఎర్రటి హడ్ (HUD, అమెరికా కేంద్ర గృహనిర్మాణ శాఖ) రేకు ఉండాలి. డబుల్ వైడ్ (రెండు భాగాలు కలిపిన ఇల్లు) అయితే రెండు ఉంటాయి. ఆ రేకు మీది నంబరును రాష్ట్ర మాన్యుఫ్యాక్చర్డ్ హౌసింగ్ విభాగం వెబ్‌సైట్‌లో కొడితే ఇల్లు ఎవరి పేరున ఉందో, దాని మీద అప్పు ఉందో లేదో కనిపిస్తుంది. మేం మొదట చూసిన ఇంటివాళ్లు అప్పులేమీ లేవని గట్టిగా చెప్పారు. రికార్డులో మాత్రం పాత లెండర్ పేరు అలాగే ఉంది. అప్పు తీరినట్టు లెండర్ ఇచ్చిన రిలీజ్ కాగితం చూపమన్నాం, చూపలేదు, ఆ ఇల్లు వదిలేశాం. కౌంటీ ట్యాక్స్ బకాయి కూడా ఇంటితోపాటే వస్తుంది. అందుకే ట్యాక్స్ ఆఫీసు నుంచి బాకీ లేదనే కాగితం అమ్మేవాళ్ల చేతే తెప్పించండి. స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్ (ఇల్లు ఎవరిదో తెలిపే రాష్ట్ర పత్రం) మీ పేరున మారడానికి ఎలాగూ అది కావాలి.

పార్కు దగ్గర మీరు తీసుకోవాల్సిన కాగితాలూ ఉన్నాయి. టెక్సస్ చట్టం ప్రకారం మీ అప్లికేషన్ తీసుకునేటప్పుడే లీజు నమూనా, పార్కు రూల్స్, మొదటి లీజు ఆరు నెలలకు అడిగే హక్కు మీకుందని తెలిపే పత్రం ఇవ్వాలి. అడిగి తీసుకోండి. రూల్స్‌లో అతిథుల గురించి ఏముందో తప్పకుండా చదవండి. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తే నెలల తరబడి ఉంటారు కదా, కొన్ని పార్కులు అన్ని రోజులు ఒప్పుకోవు. మేం ముందే మేనేజరుతో మాట్లాడి లీజులో రాయించుకున్నాం.

పార్కు నుంచి మీకు అప్రూవల్ రాతపూర్వకంగా వచ్చేదాకా ఇంటికి పూర్తి డబ్బు కట్టకండి. అడ్వాన్స్ ఇవ్వాల్సి వస్తే, పార్కు ఒప్పుకోకపోతే తిరిగిస్తామని అగ్రిమెంట్‌లో రాయించుకోండి.