వారం వారం ఉపన్యాసాలు పెట్టించబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నాగార్జున యూనివర్సిటీలో సైన్సు, లెక్కల మీద వారానికో ఉపన్యాసం పెట్టించే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషం కలిగింది. ఎవరెవరిని పిలిస్తే బాగుంటుందో పేర్లు అడిగావు. చెబుతాను, కానీ ముందు ఇంకో సంగతి. నువ్వు పంపిన కాగితంలో గంట ప్రసంగం, ఐదు నిమిషాలు ప్రశ్నలు అని ఉంది. అది మార్చమ్మా. ప్రసంగం 45 నిమిషాలు చాలు. ప్రశ్నలకు అరగంట ఉండాలి.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి సంగతి నీ విద్యార్థులకు తప్పక చెప్పు. మన నూజివీడు, నందిగామ బళ్లలో కూడా చదివిన మనిషి. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు ముగించి కలకత్తా వెళ్లారు. 1944లో అక్కడ ఎమ్మే క్లాసులో అంచనాల సిద్ధాంతం చెబుతున్నారు. శాంపిల్, అంటే లెక్కకు తీసుకున్న నమూనా, చాలా పెద్దదైనప్పుడు వర్తించే, గణాంక శాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన ఫలితం ఒకటి వివరిస్తే, దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న శాంపిల్‌కు కూడా ఇలాంటిది చూపించవచ్చు కదా అని అడిగాడు. రావు గారు ఆ రాత్రంతా కూర్చుని సాధించి, మర్నాడు క్లాసులో నిరూపించారు. 1945లో అచ్చయింది. ఇవాళ ప్రపంచమంతా క్రామర్–రావు హద్దు అంటున్నది దాన్నే: చేతిలో ఉన్న డేటాతో, పక్షపాతం లేకుండా ఎంత తెలివిగా అంచనా వేసినా, పొరపాటు ఒక మేరకంటే తగ్గదు అని. అప్పుడాయనకు ఇంచుమించు ఇరవై నాలుగేళ్లు. ఆ క్లాసులో ప్రశ్నకు టైము లేదని కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

అందుకే మొదటి మూడు ప్రశ్నలూ విద్యార్థులవే కావాలి. మన దగ్గర ప్రశ్నల సమయం రాగానే ముందు వరసలోని ప్రొఫెసర్లు మైకు తీసుకుంటారు, ప్రశ్న పేరుతో పది నిమిషాలు మాట్లాడతారు. వాళ్లకు ముందే మర్యాదగా చెప్పు, నొచ్చుకోరు. ప్రశ్న తెలుగులో అడగవచ్చని ప్రతివారం అధ్యక్షుడి నోటితో చెప్పించు. పల్నాటి పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లకు సందేహం ఉంటుంది, ఇంగ్లిషు వాక్యం కుదరక నోరు మెదపదు. అప్పటికీ లేవలేని వాళ్లకు చీటీలు ఇవ్వు. చీటీలో వచ్చిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా వక్తను పంపకు.

దీపం వెలిగించడం, బొకేలు, శాలువా, బయోడేటా అంతా చదవడం, వందన సమర్పణ... వీటికే అరగంట పోతుంది. ఏడాదికోసారి జరిగే సభకైతే సరే. వారం వారం జరిగేదానికి వక్త పేరు, ఊరు, పనిచేసే విషయం, మూడు వాక్యాలు చాలు. వచ్చినాయనకు నిజమైన గౌరవం, పిల్లలు విని అడగడమే.

లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫారడే మొదలుపెట్టించిన ఉపన్యాసాలు శుక్రవారం సాయంత్రాలు. మనకు ఆ రోజు పనికిరాదు. హాస్టలు పిల్లలు ఊళ్లకు సర్దుకునే రోజది. బుధవారం, మధ్యాహ్నం రెండున్నరకు పెట్టు. నంబూరు స్టేషన్లో రైలెక్కేవాళ్లు, విజయవాడ బస్సు పట్టుకునేవాళ్లు, గుంటూరులో దిగి మళ్లీ తమ ఊరి బస్సెక్కాల్సినవాళ్లు ఉంటారు. నాలుగు దాటితే వాళ్ల చూపంతా గడియారం మీదే. ఒకసారి రోజు ఖాయం చేశాక, వక్త రాకపోయినా మానకు, నువ్వే చాక్‌పీస్ తీసుకో. హాజరు మాత్రం వేయించకు, సర్టిఫికెట్ ఆశా పెట్టకు. మొదట పదిహేను మందే వస్తే ఆ పదిహేను మందికే చెప్పించు.

మొదటి వారం నువ్వే మాట్లాడు. పుట్టినరోజుల లెక్క తీసుకో. 23 మంది ఉన్న గదిలో ఇద్దరి పుట్టినరోజు ఒకే తేదీన పడే అవకాశం సగానికి పైనే అని చెబితే ఎవరూ నమ్మరు. వరసగా లేపి తేదీలు చెప్పించు. తర్వాత బోర్డు మీద 23 మందిలో ఎన్ని జతలు కుదురుతాయో లెక్క కట్టించు, 253 వస్తాయి. అక్కడ చాలామందికి వెలుగుతుంది. 57 మంది ఉంటే 99 శాతం. అసలు రుచి ఆ తర్వాత ఉంది. ఈ లెక్క అన్ని తేదీలూ సమానమని అనుకుని వేసింది. మనవాళ్ల సర్టిఫికెట్లు చూస్తే జూన్, జులై, ఆగస్టు తేదీలు కుప్పలు, బళ్లో చేర్చుకునేటప్పుడు మేష్టారు వేసిన తేదీలవి. మరి అప్పుడు అవకాశం పెరుగుతుందా, తగ్గుతుందా? పెరుగుతుంది. ఎందుకో మాత్రం నువ్వు చెప్పకు. వారం గడువిచ్చి పిల్లల్నే తెమ్మను.

సైన్సుకు గుంటూరులో విషయం వెతుక్కోనక్కర్లేదు. మిరపకాయ మంటే తీసుకో. ఆ మంట పుట్టించే కాప్సైసిన్ అనే పదార్థం నీళ్లలో సరిగా కరగదు, అందుకే నీళ్లు తాగితే చల్లారని నోరు పెరుగుతో చల్లారుతుంది. అది కెమిస్ట్రీ వాళ్ల భాగం. వేడిని పసిగట్టే నరాల గ్రాహకాన్నే ఆ కారం కదిలిస్తుందని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్ పంచి ఇచ్చారు. దానికి జువాలజీ వాళ్లను పిలువు. రెండు డిపార్ట్‌మెంట్లూ ఒకే బోర్డు ముందు నిలబడితే పిల్లలకు కలిగే లాభం వేరు.

వక్తలకు ఉత్తరం రాసేటప్పుడు, మొదటి పదిహేను నిమిషాలు డిగ్రీ మొదటి ఏడాది పిల్లకు అర్థం కావాలని స్పష్టంగా రాయి. స్లైడ్లు ఎన్నయినా తెచ్చుకోనీ, కనీసం ఒక్క నిరూపణ చేత్తో బోర్డు మీద చేయమను. లెక్క పుడుతున్నప్పుడు చూడటం వేరు, పుట్టిన లెక్కను తెర మీద చూడటం వేరు.

సెమినార్ హాలు బోర్డు వెనక వరసకు కనబడుతుందో లేదో మధ్యాహ్నం వెలుతురులో ఒకసారి వెళ్లి చూసుకో. నువ్వు అడిగిన పేర్లు ఈ ఆదివారం ఫోన్లో చెబుతాను, కాగితం దగ్గర పెట్టుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు