ఫౌండేషన్స్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో చేరేముందు ఐ-20 మీద కోడ్ చూసుకోండి

అమెరికాలో ఫౌండేషన్స్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్‌కి అడ్మిషన్ వచ్చింది, చేరమంటారా అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను చదివింది అదే కాబట్టి తెలిసినంతవరకు చెప్తాను.

ఇది టీచర్ ట్రైనింగ్ కాదు. బీఈడీ లాంటిదనుకుని వచ్చి మొదటి సెమిస్టర్‌లోనే బెంగపడ్డవాళ్లని చూశాను. ఇక్కడ పబ్లిక్ స్కూల్లో పాఠం చెప్పాలంటే ఆ రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ కావాలి, ఈ డిగ్రీ ఒక్కదానితో అది రాదు. ఇందులో బడి ఎందుకుంది, ఎవరికోసం నడుస్తోంది, పిల్లలకి ఏం నేర్పాలో ఎవరు తేలుస్తారు అనేవే ప్రశ్నలు.

ఇక వీసా సంగతి. ఐ-20 అంటే స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఫారం. దాని మీద మీ ప్రోగ్రాంకి సీఐపీ కోడ్, అంటే ఆ సబ్జెక్టు ఏ వర్గంలోదో చెప్పే అంకె ఉంటుంది. అది ఫౌండేషన్స్ ఆఫ్ ఎడ్యుకేషన్ కోడ్ అయిన 13.0901 అయితే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) లిస్టులో లేనట్టే, అంటే చదువయ్యాక అమెరికాలో పనిచేయనిచ్చే ఓపీటీ 12 నెలలే, ఆ పైన 24 నెలల పొడిగింపు రాదు. అదే ఎడ్యుకేషనల్ టెక్నాలజీ 13.0501, ఎవాల్యుయేషన్ అండ్ రీసెర్చ్ 13.0601, ఈ రెండూ స్టెమ్ కిందకి వస్తాయి. ఇష్టం లేని చదువు చదవమని కాదు, లోన్ తీసుకుని వచ్చేవాళ్లు ఈ ఒక్క అంకె చూసుకోకుండా విమానం ఎక్కొద్దని చెప్పడం. యూనివర్సిటీలో పనిచేస్తూ చదువుకునే అసిస్టెంట్‌షిప్‌లు కూడా ఎక్కువగా పీహెచ్‌డీ వాళ్లకే పోతాయి.

చేరాక అసలు కష్టం రాయడంలో ఉంది. నా మొదటి పేపర్ అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ మీద. చదువుకి తన బయట వేరే గమ్యం లేదు, ఎదగడమే దాని పని అని ఆయన 1916లో ‘డెమోక్రసీ అండ్ ఎడ్యుకేషన్’లో రాశారు, ఉద్యోగం కోసమే చదువు అని వింటూ పెరిగిన నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కానీ పేపర్‌లో ఆ మాట రాయలేదు, ఆరు పేజీల్లో ఐదున్నర డ్యూయీ ఏమన్నారో అప్పజెప్పి, చివరి పేరాలో మాత్రం భయంభయంగా నా అనుమానం పెట్టాను. ప్రొఫెసర్ ఆ పేరా చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ‘ఇక్కడ మొదలుపెట్టు’ అని రాసి ఇచ్చారు. తిరిగి రాయడానికి రెండు వారాలు పట్టింది, నాకు ఈ సబ్జెక్టు పట్టుబడింది మాత్రం ఆ రెండు వారాల్లోనే.

క్లాసులో మౌనంగా కూర్చుంటే వినయం అనుకోరు, చదవలేదనుకుంటారు. అమెరికా బడుల్లో పిల్లలకి సమాన అవకాశాలున్నాయా అని చూసిన 1966 నాటి కోల్‌మన్ రిపోర్టు మీద మా దగ్గర గంటన్నర వాదన నడిచింది. బడుల మధ్య ఉన్న వసతుల తేడాల కంటే ఇంటి నేపథ్యమే పిల్లల ఫలితాలతో గట్టిగా ముడిపడి ఉందని అందులో తేలింది. అయితే బడి మీద ఖర్చు దండగా అని ఒకరు, లెక్క ఏం జరుగుతోందో చెప్తుంది గానీ పిల్లలకి మనం ఏం బాకీ ఉన్నామో చెప్పదు కదా అని ఇంకొకరు. సోషియాలజీ, ఫిలాసఫీ ఒకే డిగ్రీలో ఎందుకున్నాయో నాకు ఆరోజు అర్థమైంది. మీకూ ఏదో ఒకటి అనిపిస్తుంది, ఇంగ్లీషు తడబడినా సరే చెప్పేయండి.

థీసిస్‌కి బడి పిల్లలతో మాట్లాడాలనుకుంటే ముందు మనుషుల మీద చేసే పరిశోధనల్ని పరిశీలించే యూనివర్సిటీ కమిటీ (ఐఆర్‌బీ) అనుమతి, తర్వాత బడి ఒప్పుకోలు, తల్లిదండ్రుల సంతకాలు కావాలి. నెలలు పట్టొచ్చు, చివరి సెమిస్టర్‌కి వదలకండి.