ఒక్క బటన్‌తో ఆన్, ఆఫ్: చేతిలోకి 555 తీసుకునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

బటన్ ఒకసారి నొక్కితే ఎల్ఈడీ వెలగాలి, వేలు తీసినా వెలుగుతూనే ఉండాలి, మళ్లీ నొక్కితే ఆరాలి అని రాశావు. దీనికి మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామ్ రాసి నడిపే చిప్) అక్కర్లేదు నాన్నా. ఒక 555 ఐసీ (ఎనిమిది పిన్నుల టైమర్ చిప్), ఓ గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు చాలు. 4013 అనే ఫ్లిప్‌ఫ్లాప్ (ఆన్, ఆఫ్ స్థితిని గుర్తుపెట్టుకునే చిప్) తోనూ చేయొచ్చు గానీ, అక్కడ బటన్ బౌన్స్ సంగతి, అంటే ఒక్కసారి నొక్కినా లోపలి కాంటాక్టులు చాలాసార్లు తగిలి విడిపోవడం, విడిగా చూసుకోవాలి. 555తో అయితే అది దానంతట అదే తీరిపోతుంది. అందుకే ముందు దీన్నే కట్టమంటాను.

కట్టే ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకో. 1972లో మార్కెట్లోకి వచ్చిన ఈ ఐసీ లోపల మూడు సమానమైన రెసిస్టర్లు వరుసగా ఉండి సప్లయ్‌ని మూడు భాగాలు చేస్తాయి. 9 వోల్టులు ఇచ్చావనుకో, హద్దులు 3, 6 అవుతాయి. 2వ పిన్ 3 వోల్టుల కిందికి దిగితే ఔట్‌పుట్, అంటే 3వ పిన్, పైకి వెళ్తుంది. 6వ పిన్ 6 వోల్టులు దాటితే ఔట్‌పుట్ కిందికి పడుతుంది. ఈ రెండు హద్దుల మధ్య ఉన్నంతసేపూ అంతకుముందు ఉన్న స్థితే కొనసాగుతుంది. మనకు కావలసింది సరిగ్గా ఈ మధ్య జాగానే.

కాబట్టి 2, 6 పిన్నులను కలిపేసి, అక్కడి నుంచి ప్లస్‌కి ఒక 10 కిలో ఓమ్, గ్రౌండ్‌కి ఇంకో 10 కిలో ఓమ్ పెట్టు. అక్కడ 4.5 వోల్టులు నిలుస్తాయి. 3వ పిన్ నుంచి 100 కిలో ఓమ్ గుండా 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ప్లస్ కాలికి కలుపు, దాని మైనస్ గ్రౌండ్‌కి. బటన్‌ని ఈ కెపాసిటర్ ప్లస్‌కీ, కలిపిన 2, 6 పిన్నులకీ మధ్య పెట్టు. 8, 4 పిన్నులు ప్లస్‌కి, 1వది గ్రౌండ్‌కి. 3వ పిన్ నుంచి గ్రౌండ్‌కి 1 కిలో ఓమ్, ఎల్ఈడీ.

ఎల్ఈడీ వెలుగుతున్నప్పుడు కెపాసిటర్ దాదాపు 7.5 వోల్టుల వరకూ నిండి ఉంటుంది. బటన్ నొక్కగానే ఆ వోల్టేజీ పిన్నుల మీదికి వచ్చి 6ని దాటిస్తుంది, దీపం ఆరుతుంది. ఆరి ఉన్నప్పుడు కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది కాబట్టి నొక్కితే పిన్నులను 3 కిందికి లాగేస్తుంది, దీపం వెలుగుతుంది. అంటే కెపాసిటర్ ఎప్పుడూ తర్వాత జరగాల్సిన పనిని సిద్ధంగా పట్టుకుని ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి చూడు: దీపం వెలిగినా ఆరినా 2వ పిన్ దగ్గర అదే 4.5 కనబడుతుంది. నాకు ఇప్పటికీ అది చూస్తే ముచ్చటేస్తుంది.

ఆ 100 కిలో విలువ తగ్గించకు. బటన్ నొక్కి పట్టుకున్నప్పుడు ఔట్‌పుట్ ఆ రెసిస్టర్ గుండానే పిన్నులను లాగుతుంటుంది. 100 కిలో అయితే 4.5 కాస్తా 4.3 దాకానే దిగుతుంది, ఏమీ కాదు. అదే 10 కిలో పెడితే సరిగ్గా 3 దగ్గరికే వచ్చేస్తుంది, నొక్కి ఉంచినంతసేపూ దీపం కొట్టుకోవచ్చు. బటన్ నొక్కాక మళ్లీ నొక్కడానికి ఒక్క క్షణం ఆగు, కెపాసిటర్‌కి ఆ మాత్రం టైమ్ కావాలి. ఈ సర్క్యూట్ బౌన్స్‌ని పట్టించుకోకపోవడం కూడా అందువల్లే.

నాలుగు కాళ్ల బటన్ బ్రెడ్‌బోర్డ్ (సోల్డరింగ్ లేకుండా గుచ్చి కట్టే పలక) మీద చాలామందిని తిప్పలు పెడుతుంది. అందులో కాళ్లు రెండేసి జతలుగా లోపలే కలిసి ఉంటాయి. ఎటు పెట్టాలో తెలియకపోతే ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు కాళ్లు వాడు, ఎప్పుడూ తప్పు పోదు.

పవర్ ఇవ్వగానే దీపం ఒక్కోసారి వెలిగి, ఒక్కోసారి ఆరి ఉంటే టెన్షన్ పడకు. 4వ పిన్‌ని నేరుగా ప్లస్‌కి ఇవ్వకుండా 10 కిలో గుండా ఇచ్చి, ఆ పిన్ నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్ పెట్టు. ప్రతిసారీ ఆఫ్‌తోనే మొదలవుతుంది. 8, 1 పిన్నులకు దగ్గరగా 0.1 మైక్రోఫారడ్, 5వ పిన్ నుంచి గ్రౌండ్‌కి 0.01 మైక్రోఫారడ్ కూడా పెట్టు. సర్క్యూట్ బొమ్మల్లో వీటిని వదిలేస్తుంటారు, నువ్వు వదలకు.

5 వోల్టులతో చేద్దామనుకుంటే మామూలు 555 వద్దు. దాని ఔట్‌పుట్ సప్లయ్‌కి వోల్టున్నర దాకా తక్కువే ఇస్తుంది కాబట్టి కెపాసిటర్ పై హద్దుని దాటడం కష్టమవుతుంది. సీమాస్ రకం (తక్కువ కరెంటు తినే 555), అంటే 7555 లాంటిది తీసుకో. బ్యాటరీకీ అదే మంచిది. మామూలు 555 ఎల్ఈడీ ఆరి ఉన్నా కొన్ని మిల్లీఆంపియర్లు లాగుతూనే ఉంటుంది. బ్యాటరీ ఇంకా నిలవాలంటే 2, 6 పిన్నుల దగ్గరి రెండు 10 కిలోల బదులు 100 కిలోలు, ఆ 100 కిలో బదులు 1 మెగా పెట్టు. కెపాసిటర్‌ని 0.1 మైక్రోఫారడ్‌కి తగ్గిస్తే వేగం మారదు.

మోటారో రిలేనో నడపాలంటే 3వ పిన్‌కి నేరుగా తగిలించకు. మధ్యలో ఒక మాస్‌ఫెట్ (ఎక్కువ కరెంటుని ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్), కాయిల్‌కి అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడ్ ఉండాలి. మెయిన్స్ కరెంటు జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు, ఆ పని నేను పక్కన ఉన్నప్పుడు చేద్దాం.

పనిచేయకపోతే 2వ పిన్, 3వ పిన్, కెపాసిటర్ ప్లస్ దగ్గర వోల్టేజీలు కొలిచి రాయి. తప్పు ఎక్కడుందో చాలావరకు ఆ మూడు అంకెలతోనే తెలిసిపోతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న