లోవెల్ డేవిడ్‌సన్ ట్రియో వినండి, తాళం మాత్రం వేయకండి

‘జాజ్‌లో పియానిస్ట్ బిల్ ఎవాన్స్ దాకా విన్నాను, ఎవరూ పెద్దగా పట్టించుకోని ప్రయోగాత్మక పియానో ట్రియో (ముగ్గురి బృందం) ఒకటి చెప్పండి’ అని ఒకరు అడిగారు. నా ఓటు 1965లో రికార్డయిన ఆల్బమ్ ‘లోవెల్ డేవిడ్‌సన్ ట్రియో’కి. పియానో డేవిడ్‌సన్, బేస్ గ్యారీ పీకాక్, డ్రమ్స్ మిల్‌ఫోర్డ్ గ్రేవ్స్.

చిన్నప్పుడు నాలుగేళ్లు మృదంగం నేర్చుకున్నాను. ఏ పాట విన్నా చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేసేస్తుంది. దీనికీ వేయబోయింది. అర నిమిషం కూడా నిలవలేదు. ఎక్కడా సమం (తాళం మొదలయ్యే దెబ్బ) దొరకదే! నడక మార్చి చూశాను, వేగం తగ్గించి చూశాను. చివరికి విసుగొచ్చి ఆపేశాను.

కొన్ని నెలల తర్వాత ఓ రాత్రి బస్సులో నిద్రపట్టక మళ్లీ పెట్టాను. ఆ రోజు తాళం వెతికే ఓపిక లేదు. అప్పుడు వెలిగింది, ఇది ఆలాపనలాగా వినాల్సింది అని. మన కచేరీలో గాయకుడు రాగం తీస్తుంటే మృదంగం ఊరకే కూర్చుంటుంది. ఇక్కడ డ్రమ్స్ కూడా ఆలాపనలోకి దిగుతాయి. గ్రేవ్స్ ఎవరికీ లెక్క అందించడు. పియానో ఓ మాటంటే కింద గలగలా ఏదో కదిలిస్తాడు, అంతే. (రాగం వెతక్కండి, పోలిక అక్కడితో సరి.)

డేవిడ్‌సన్ మరో జాజ్ పియానిస్ట్ సెసిల్ టేలర్‌లా పియానో మెట్ల మీద విరుచుకుపడే రకం కాదు. నాలుగు స్వరాలు వేసి, వాటి సంగతేమిటో చూసి, మళ్లీ కదులుతాడు. హార్వర్డ్‌లో బయోకెమిస్ట్రీ చదివిన మనిషి. జాజ్ శాక్సోఫోన్ కళాకారుడు ఓర్నెట్ కోల్‌మన్ సిఫార్సు మీద ఇఎస్‌పి-డిస్క్ కంపెనీ రికార్డు చేసింది. 1990లో పోయేలోపు ఆయన పేరు మీద వచ్చిన ఆల్బమ్ ఇదొక్కటే. మరుగున పడడానికి అదే కారణమని నా అనుమానం. రెండో రికార్డు లేనివాణ్ణి జనం ఎంతకాలమని గుర్తుపెట్టుకుంటారు? పక్కన వాయించిన పీకాక్ మాత్రం తర్వాత పియానిస్ట్ కీత్ జారెట్ ట్రియోతో లోకమంతా తిరిగాడు.

‘స్టేట్‌లీ 1’ అనే ట్రాక్‌తో మొదలుపెట్టండి. మొదటిసారి పియానోని వదిలేసి బేస్ వెంటే వెళ్లండి, దారి అదే చూపిస్తుంది. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఓసారి స్పీకర్‌లో పెడితే, గిన్నెలు పడేసిందెవరని మా అమ్మ పెరట్లోంచి కేకేసింది.