కుట్టిన చొక్కా

కావలి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రాతప్రతి రెండుసార్లు చదివాను. ఇంగ్లీషు రచయిత డికెన్స్ నవల ‘ఆలివర్ ట్విస్ట్’ మీద కట్టిన పాటల నాటకం ‘ఆలివర్!’ను హాస్టల్ పిల్లలతో నెల్లూరు టౌన్‌హాల్లో ఆడించాలన్న ఆలోచన నచ్చింది. రాత మాత్రం ఇంకా నీది కాలేదబ్బయా.

ముందు హక్కుల సంగతి. డికెన్స్ 1870లోనే పోయాడు, ఆయన నవలను ఎవరైనా వాడుకోవచ్చు. పాటల సంగతి వేరు. 1960లో లండన్‌లో ఆ నాటకం కట్టిన లయొనెల్ బార్ట్ 1999 దాకా బతికాడు. మన చట్టంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కులుంటాయి, అనువాదానికైనా అనుమతి కావాల్సిందే. నన్నడిగితే నవల దగ్గరికే వెళ్లి పాటలు నువ్వే కట్టుకో. సంగీతం రాదని జంకకు. బార్ట్‌కూ స్వరాలు రాయడం రాదు, ఆయన కూనిరాగం తీస్తే పక్కవాళ్లు రాసుకునేవాళ్లు.

ఇక పేదల ఆశ్రమంలో అనాథ ఆలివర్ ఇంకొంచెం గంజి అడిగే ఘట్టం. నీ ఆలివర్ రొమ్ము విరుచుకుని లేచి “ఇంకొంచెం పెట్టండి” అంటున్నాడు. నవలలో వాడు వీరుడేం కాదు. ఎవరడగాలా అని పిల్లలంతా చీట్లు వేసుకున్నారు, వాడికి పడింది. వాళ్ల గిన్నెలు కడగాల్సిన పనే లేదు, చెంచాలతో గీకీ గీకీ తళతళలాడతాయి. వయసుకు మించి పొడుగైనవాడొకడు, పూటకూళ్ల కొట్టు నడిపినాయన కొడుకు, రోజుకి ఇంకో గిన్నె గంజి పడకపోతే ఏదో ఒక రాత్రి పక్కన పడుకున్నవాణ్ణి తినేస్తానేమో అంటాడు. నవ్వొస్తుంది, వెంటనే భయమేస్తుంది. ఇంత సరుకున్న సీనుని నువ్వు రెండు లైన్లలో తేల్చేశావు. చీటీలు వేయించు, తీయించు, నిదానంగా సాగనీ.

తిండి కలల పాటలో లడ్డూ, జిలేబీ, పాయసం పేర్చావు. అది పెళ్లి భోజనం. పిల్లల్ని కూర్చోబెట్టి అడుగు. మామిడికాయ వేసిన చేపల పులుసు, అదీ నిన్నటిది కావాలంటాడొకడు. “మా అమ్మ చేసే...” అని ఇంకొకడు మధ్యలోనే ఆగిపోతాడు. వాడు ఆగిన చోట హార్మోనియం కూడా ఆగాలి.

నీ వయసులో నేనూ ఇలాంటి నాటకమే ఆడించాను. చొక్కాలు కత్తెరతో చించి, మొహాలకు మసి పూశాను. ఆరో తరగతి పిల్లాడొకడు నా దగ్గరకొచ్చి, “మా అమ్మ చిరిగింది వెయ్యదు సార్, కుట్టి వేస్తది” అన్నాడు. ఆ రాత్రే సూదీ దారం తెప్పించాను. రంగు కలవని దారం, గుండీ ఊడిన చోట పిన్నీసు.

పిల్లలకు దొంగతనం నేర్పే ఫాగిన్‌కు ఓ పేట యాస ఎందుకు తగిలించావు? తీసెయ్. డికెన్సే 1867 ముద్రణలో ఫాగిన్‌ను ‘యూదుడు’ అన్న మాట చాలా చోట్ల కొట్టేశాడు.

శ్రుతి పిల్లల గొంతుకు పెట్టించు, హార్మోనియం మాస్టారి అలవాటుకు కాదు. 12, 13 ఏళ్ల మగపిల్లల గొంతు ఏ వారం మారిపోతుందో తెలీదు, ఆలివర్ వేషానికి ఇద్దర్ని తయారుచెయ్. ప్రదర్శన రోజు సాయంత్రం ఐదింటికే అందరికీ అన్నం పెట్టించు. స్టేజీ మీద గంజి నిజందే పొయ్యి, కాస్త ఉప్పేసి.