ఐదక్షరాల అమలాపురం ఇరవైలో పట్టదేం?

ప్రశ్న: మాది కొబ్బరి కొట్టు. రైతుల ఊళ్ల పేర్లు తెలుగులో ఎక్కించాలని ఒరాకిల్ డేటాబేస్‌లో వార్‌కార్2 (పేర్లలాంటి రాత దాచే టైపు) కాలమ్‌కి పొడవు 20 పెట్టించాను. రాజోలు ఎక్కింది, అమలాపురం మాత్రం పొడవు ఎక్కువైందని ఎర్రర్. ఉన్నదే ఐదక్షరాలు కదండీ!
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: మీది బడి లెక్కండీ, డేటాబేస్‌ది వేరు. 'లా' మనకి ఒక్క అక్షరమే గానీ కంప్యూటర్‌కి ల ఒకటి, దీర్ఘం ఇంకొకటి, సున్నా కూడా విడిగానే, అలా అమలాపురంలో 8 సంకేతాలు తేలతాయి, యూటీఎఫ్-8లో (అక్షరాల్ని కంప్యూటర్‌లో దాచే పద్ధతి) తెలుగు సంకేతం ఒక్కోటీ 3 బైట్ల జాగా తింటుంది కాబట్టి మొత్తం 24. మామూలు సెట్టింగులో ఒరాకిల్‌కి ఆ 20 అంటే బైట్లే మరి. రాజోలు 18తో గట్టెక్కింది. ముమ్మిడివరం కూడా ఐదక్షరాలే, ఒత్తు పుణ్యమా అని దానికి 33 కావాలి!

కాలమ్‌ని '20 కార్' అని మార్పించండి, అప్పుడు బైట్లు కాదు, సంకేతాలు లెక్కపెడుతుంది. ఎక్కించిన పేర్లు ఎక్కడికీ పోవు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ లాంటి వేరే డేటాబేస్‌లయితే వార్‌కార్‌ని మామూలుగానే ఇలా లెక్కపెడతాయి. ఎవరైనా వార్‌కార్2 బదులు ఉత్త కార్ టైపు పెట్టమంటే మాత్రం వినకండి, మిగిలిన జాగా అంతా ఖాళీలతో నింపేస్తుంది, బస్తాలో కాయలు తగ్గితే పీచు కుక్కినట్టు.